చేపల ట్యాంకులో పగడాలు పెట్టాలంటే: లైటు కంటే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న మొత్తం చదివాను. 75 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, ఏడాదిన్నరగా నడుస్తోంది. ఒక జత క్లౌన్ ఫిష్, ఒక రాయల్ గ్రామా ఉన్నాయి. అడుగున ముతక పగడపు గుల్ల, బయట క్యానిస్టర్ ఫిల్టరు, ట్యాంకుతో పాటే వచ్చిన లైటు. పోస్తున్నది కుళాయి నీళ్ళు. నీటి సాంద్రత 1.021, నైట్రేట్ (మేత, పెంట కుళ్ళి నీళ్ళలో చేరేది) 40 పీపీఎం, అంటే పదిలక్షల్లో 40 భాగాలు. ఆర్నెల్ల కిందట చేపల మీద తెల్లమచ్చలు వస్తే మందు వేశారు, తగ్గిపోయింది. ఇప్పుడు పగడాలు పెట్టాలని ఉంది, ఏ లైటు కొనాలో చెప్పమన్నారు.

లైటు గురించి కూడా చెప్తాను. కానీ చదువుతున్నప్పుడు నేను ఆగిపోయింది ఆ మందు దగ్గర. దాన్ని ఈ ట్యాంకులోనే వేశారా, చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి వేశారా? ఉప్పునీటి చేపల తెల్లమచ్చలకు ఎక్కువగా వాడేది రాగి ఉన్న మందు. తెల్లమచ్చల పరాన్నజీవి చేప ఒంటి మీద నుంచి రాలి, నీళ్ళలో ఈదే దశకు వచ్చినప్పుడు రాగి దాన్ని చంపుతుంది. చేప ఆ మోతాదును తట్టుకుంటుంది. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు. పైగా మీ రాళ్ళూ, అడుగున ఉన్న గుల్లా కాల్షియం కార్బొనేట్‌తో అయినవి. అవి రాగిని పట్టుకుని, నెలల తరబడి కొద్దికొద్దిగా మళ్ళీ నీళ్ళలోకి వదులుతాయి. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా ఆ రాళ్ళు అక్కడే ఉంటాయి కదా.

ఇది నా అనుభవంలో జరిగినదే. మొదటి పగడాల ట్యాంకు కోసం వాడేసిన రాళ్ళు కొన్నాను. వాటికి రాగి తగిలిందని ఇచ్చినవాళ్ళు చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు. ఆరు నత్తలు వేశాను. మర్నాడు పొద్దున చూస్తే నాలుగు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. పాదం సగం బయటికి వచ్చి, వదులుగా వేలాడుతోంది. ఒకదాన్ని తీసి అద్దానికి ఆనించాను. మామూలుగా నత్త క్షణాల్లో అతుక్కుంటుంది, ఇది జారి పడిపోయింది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ పడింది. టెస్ట్ కిట్‌లో రాగి సున్నా చూపిస్తోంది, క్లౌన్ ఫిష్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతున్నాయి. అసలు సంగతి అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది, ఈలోగా ఇంకొన్ని నత్తలు పోయాయి. నిక్షేపంగా ఉన్న ప్రాణుల్ని అలా పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మందు ఈ ట్యాంకులోనే వేసి ఉంటే, అందులో రాగి ఉంటే, నా సలహా ఒకటే. రాళ్ళూ గుల్లా రెండూ కొత్తవి పెట్టండి. అద్దాల తొట్టి ఉంచుకోవచ్చు, ఖాళీ చేసినప్పుడు వెనిగర్ కలిపిన నీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు. చేపల్ని ఆ రోజుల్లో హీటరూ స్పాంజి ఫిల్టరూ ఉన్న ప్లాస్టిక్ టబ్బులో ఉంచండి. ఆ స్పాంజిని ముందే మూడు నాలుగు వారాలు ఇప్పటి ట్యాంకులో ఉంచితే మంచి బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. రాగిని పీల్చే రెజిన్లు, ప్యాడ్లు దొరుకుతాయి, నీళ్ళలో ఉన్నదాన్ని బాగానే లాగుతాయి. కొన్ని ప్యాడ్లు రాగి తగిలితే నీలం రంగుకు తిరుగుతాయి కూడా. రాయి లోపల దాగినదాన్ని మాత్రం నెలల తరబడి వెంటాడాల్సి వస్తుంది. అన్నీ అయ్యాక ముందు రెండో మూడో నత్తల్ని వేసి మూడు వారాలు చూడండి. అవి అద్దం మీద పాకుతూ, గీతలు గీసినట్టు నాచు తింటూ ఉంటే అప్పుడు పగడాల మాట. మందులో రాగి లేకపోతే, లేదా వేరే తొట్టిలో వేసి ఉంటే, ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్ళొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. చేప కదలగలదు, ఒంట్లో ఉప్పునూ నీటినీ అదే సర్దుకుంటుంది, నీళ్ళు కొంచెం అటూ ఇటూ అయినా బతికేస్తుంది. పగడం పెట్టినచోటే ఉంటుంది. దాని ఒళ్ళు పలచటి పొర, చుట్టూ ఏ నీళ్ళుంటే లోపలా దాదాపు అవే నీళ్ళు. కాబట్టి పగడాల ట్యాంకు అంటే నిలకడ. ఫలానా అంకె 8 ఉండాలా 9 ఉండాలా అన్నదాని కంటే, ఇవాళ ఎంత ఉందో వచ్చేవారమూ అంతే ఉండటం ముఖ్యం. పెద్ద ట్యాంకులో తప్పు మెల్లగా బయటపడుతుంది, దిద్దుకునే వ్యవధి ఉంటుంది. 75 లీటర్లలో అది ఒక్క పూటలో కనిపిస్తుంది. రాళ్ళు, ఇసుక పోగా మీ దగ్గర నిజంగా ఉన్న నీళ్ళు 60 లీటర్లే అనుకోండి. ఇకమీదట లెక్కలన్నీ ఆ 60 మీదే వేయండి.

ముందు ఉప్పు. 1.021 అంటే లీటరుకు సుమారు 28 గ్రాముల ఉప్పు. పగడాలకు సముద్రంలో లాగా 35 కావాలి, అంటే 1.026 దాకా రావాలి. ఒక్కసారి ఉప్పు కలిపేయకండి. రోజూ ఆవిరయ్యే నీటికి బదులు మంచినీళ్ళు పోస్తున్నారు కదా, కొన్నాళ్ళు వాటి బదులు 35 లెక్కన కలిపిన ఉప్పునీళ్ళు పోయండి. రోజుకు లీటరు ఆవిరైతే, ఆ లీటరుతో 35 గ్రాముల ఉప్పు 60 లీటర్లలోకి చేరుతుంది, లీటరుకు సుమారు 0.6 గ్రాములు. పన్నెండు రోజుల్లో చేపలకు తెలియకుండానే 35కి చేరతారు. చేరిన రోజు నుంచి మళ్ళీ మంచినీళ్ళకే రండి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. నాలుగు రోజులు ఊరెళ్ళి నాలుగు లీటర్లు తగ్గితే 35 కాస్తా 37.5 అవుతుంది. చేప ఊరుకుంటుంది, పగడం ముడుచుకుంటుంది. నన్నడిగితే చిన్న ట్యాంకుకు కొనాల్సిన మొదటి పరికరం, లైటు కంటే ముందు, నీళ్ళు తగ్గగానే తనంతట తానే నింపే ఆటో టాప్-ఆఫ్.

సాంద్రత దేంతో కొలుస్తున్నారో రాయలేదు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు అయితే దాన్ని నమ్మకండి, ఒక గాలిబుడగ ముల్లుకు అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటరు (నీళ్ళలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పును కొలిచే పరికరం) తీసుకోండి. దాన్ని మామూలు నీళ్ళతో సున్నాకు సరిచేయడం కంటే, 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాల ఉప్పు) ద్రావణంతో సరిచేస్తేనే మనకు కావాల్సిన చోట కచ్చితంగా చూపిస్తుంది.

కుళాయి నీళ్ళు ఇవాళ్టితో ఆపేయండి. వాటిలో ఫాస్ఫేటు, సిలికేటు, గొట్టాల నుంచి వచ్చే లోహాలు ఉండొచ్చు. పోసే ప్రతి లీటరూ వాటిని ట్యాంకులో వదిలి తాను ఆవిరైపోతుంది. అందుకే అవి పోగవుతూ ఉంటాయి. ఆర్వో తర్వాత, మిగిలిన ఖనిజాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా దాటి, టీడీఎస్ మీటరులో (నీళ్ళలో కరిగిన పదార్థాల్ని కొలిచేది) సున్నా చూపించే నీళ్ళు కావాలి. తాగడానికి పెట్టుకునే ప్యూరిఫయర్ నీళ్ళు సరిపోవు, వాటిలో కొన్నిట్లో రుచికోసం ఖనిజాలు మళ్ళీ కలుపుతారు.

నైట్రేట్ 40 మీ చేపలకు ఇబ్బంది కాలేదు. పగడాలకు 5 నుంచి 10 మధ్యకు తెద్దాం. నీళ్ళు మార్చడం ఒక్కటే చాలదు, అది ఎక్కడ పుడుతోందో చూడాలి. మీ ట్యాంకులో రెండు చోట్లు కనిపిస్తున్నాయి. ఒకటి క్యానిస్టర్. అందులో స్పాంజి నిండా మురికి చేరి కుళ్ళుతూ ఉంటుంది. పగడాల ట్యాంకులో వడపోత పని రాళ్ళకే అప్పజెప్పి, బయటి ఫిల్టరును తేలిక చేయడం మేలు. జర్మనీలో మొదలై బెర్లిన్ పద్ధతిగా పేరుపడింది ఇదే దారి: సజీవ శిలలు (మంచి బ్యాక్టీరియా పట్టిన రాళ్ళు), మంచి స్కిమ్మరు (మురికిని నురగతో బయటికి తీసే పరికరం), బలమైన నీటి కదలిక. క్యానిస్టర్ ఉంచుకోవాలనుకుంటే లోపలి గుల్లలు, స్పాంజి వారానికి కొంత చొప్పున తీసేస్తూ, చివరికి యాక్టివేటెడ్ కార్బన్, పలచటి దూది మాత్రమే ఉంచండి. ఆ దూదిని మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, కుదరకపోతే అసలు పెట్టకండి.

రెండోది ఆ ముతక గుల్ల. గింజల మధ్య సందుల్లోకి మేత, పెంట దిగిపోతాయి, నత్తలు కూడా అక్కడికి చేరలేవు. రాగి లేదని తేలినా దాన్ని మార్చమనే చెప్తాను. అయితే ఒక్క రోజులో కాదు. అడుగును మూడు భాగాలు అనుకుని, నీళ్ళు మార్చే రోజున ఒక భాగాన్ని పైపుతో నీళ్ళతో పాటే లాగేయండి. రెండు వారాలు ఆగి ఇంకో భాగం. కలియబెట్టొద్దు, ఏడాదిన్నర మురికి ఒక్కసారి లేస్తే అమ్మోనియా పెరుగుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ఆ పూట అక్కడితో ఆపండి. అంతా అయ్యాక కడిగిన సన్నటి ఇసుక రెండు మూడు సెంటీమీటర్ల మందాన వేయండి.

ఈలోగా వారానికి పాతిక శాతం నీళ్ళు మారిస్తే లెక్క ప్రకారం 40 కాస్తా 30, 22, 17, 13 అవుతుంది. రోజూ కొత్తగా పుట్టేది ఉంటుంది కాబట్టి నిజంగా ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. మీ ఉప్పు చేరిక ముగిశాకే ఇది మొదలుపెట్టండి, రెండూ కలిపి చేస్తే దేనివల్ల ఏమైందో తెలియదు. ఇంకో మాట, నైట్రేటునూ ఫాస్ఫేటునూ సున్నా చేయాలని పంతం పట్టకండి. పగడానికి కూడా అవి కొంచెం కావాలి. రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే గోధుమరంగు జిగురు, బుడగలతో రాళ్ళంతా కప్పేస్తుంది. వదిలించుకోవడం మహా కష్టం. ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నాకు నిశ్చింత.

టెస్ట్ కిట్లలో మీ దగ్గర లేనిదీ, ఇకమీద ఎక్కువగా వాడేదీ ఆల్కలినిటీది, అంటే నీళ్ళలో కార్బొనేట్లు ఎంత ఉన్నాయో చూపేది. పగడం తన ఎముక కట్టుకునేది కాల్షియంతోనూ కార్బొనేటుతోనూ. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం చుట్టూ ఉంచండి. కొలవడం తేలికే. ఐదు మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్ళలో రంగు వేసి, ఒక్కొక్క చుక్క కలుపుతూ సీసాను తిప్పుతారు. నీలం అలాగే ఉంటుంది, ఉంటుంది, ఒక చుక్కతో ఒక్కసారి పసుపుకు మారుతుంది. కొన్ని కిట్లలో అప్పటిదాకా లెక్కపెట్టిన చుక్కలే మీ ఆల్కలినిటీ. వారంలో ఒకే రోజు, ఒకే వేళకు కొలిచి కాగితం మీద రాసుకోండి. మెత్తటి పగడాలు దాదాపు ఏమీ వాడుకోవు, వారానికి పది శాతం నీళ్ళు మారిస్తే సరిపోతుంది. గట్టి ఎముక పగడాలు పెరగడం మొదలయ్యాక అంకె తగ్గుతూ కనిపిస్తుంది. 60 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి సుమారు 1.8 గ్రాముల శుద్ధమైన సోడియం బైకార్బొనేట్ చాలు. దాన్ని ఆర్వో నీళ్ళలో కరిగించి, ధార ఉన్నచోట రెండు మూడు విడతలుగా పోయండి. ఒక రోజులో ఒకటి కంటే ఎక్కువ ఎప్పుడూ పెంచకండి. ఉప్పు కొనేటప్పుడు కూడా ఇది చూడండి. కొన్ని ఉప్పుల్లో ఆల్కలినిటీ 11, 12 దాకా ఉంటుంది. ట్యాంకు 8 దగ్గర ఉంటే నీళ్ళు మార్చిన ప్రతిసారీ పగడాలకు కుదుపే.

ఇప్పుడు లైటు. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు కణాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. మీ ఇప్పటి లైటు చేపలు కనిపించడానికి పెట్టింది, అది చాలదు. 420 నుంచి 480 నానోమీటర్ల నీలం బాగా ఉండే రీఫ్ ఎల్ఈడీ ఒకటి మీ సైజుకు సరిపోతుంది. మీరు మొదలుపెట్టబోయే పగడాలకు పార్ (నాచు ఆహారం తయారీకి వాడుకోగల వెలుతురు కొలత) 75 నుంచి 150 చాలు. ఖరీదైన, బలమైన లైటు కోసం వెంపర్లాడకండి. కొత్తవాళ్ళ పగడాలు వెలుతురు చాలక పోయినవాటి కంటే ఎక్కువై మాడినవే నేను ఎక్కువ చూశాను. వెలుతురు ఒక్కసారి ఎక్కువైతే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. 40 శాతంతో మొదలుపెట్టి వారానికి పది శాతం చొప్పున పెంచండి. రోజుకు ఎనిమిది గంటలు, టైమరు మీద.

నీటి కదలికకు గంటకు మొత్తం 1500 లీటర్లు తిప్పేలా ఒకటో రెండో చిన్న పంపులు పెట్టండి. ధార నేరుగా పగడానికి తగలకూడదు, అద్దానికి కొట్టి చెదిరి రావాలి. పగడం కొసలు గాలికి పైరు ఊగినట్టు ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

మీ మూడు చేపలూ పగడాల జోలికి పోనివే, అది మీ అదృష్టం. ట్రిగ్గర్, పఫర్, చాలా బటర్‌ఫ్లై చేపలు ఉండి ఉంటే వాటికి వేరే ఇల్లు చూడమనేవాణ్ణి. ఇంకో చేపను మాత్రం చేర్చకండి. క్లౌన్ ఫిష్ ఉంది కదా అని ఎనిమోన్ (సముద్రంలో క్లౌన్ ఫిష్ ఆశ్రయం పొందే, తంతువులున్న ప్రాణి) కొనాలనిపిస్తుంది, దయచేసి వద్దు. అది నచ్చిన చోటు కోసం నడుస్తూ పోయి, పంపులో పడి నలిగితే ఆ రాత్రే ట్యాంకు మొత్తం పోవచ్చు. క్లౌన్ ఫిష్‌కు ఎనిమోన్ లేకపోయినా ఏ లోటూ లేదు.

మొదట మెత్తటి పగడాలు: మష్రూమ్, కెన్యా ట్రీ, ఒక చిన్న లెదర్ కోరల్. గ్రీన్ స్టార్ పాలిప్స్ ముచ్చటగా ఉంటాయి కానీ రాళ్ళన్నీ ఆక్రమిస్తాయి, వాటిని విడి రాయి మీద దూరంగా పెట్టండి. మూడు నాలుగు నెలలు అంకెలు కదలకుండా ఉంటే గట్టి ఎముక పగడాల్లో డంకన్, క్యాండీ కేన్. ఆ తర్వాత హ్యామర్, టార్చ్ లాంటివి. అక్రోపోరా మొదటి ఏడాది వద్దు. టార్చ్, గెలాక్సియా లాంటివి రాత్రిపూట పొడవాటి తంతువులు చాపి పక్కవాటిని కాలుస్తాయి, చుట్టూ జానెడు ఖాళీ వదలండి.

జోయాంథిడ్లు, పాలిథోవాలు అనే పగడాల లాంటి ప్రాణుల్ని కూడా కొత్తవాళ్ళకు అమ్ముతారు. అవి తేలికగా పెరిగే మాట నిజమే. కానీ వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకండి, కోయకండి. వాటిని వదిలించుకోవడానికి రాయిని ఉడకబెట్టడం గానీ, వేడినీళ్ళు పోయడం గానీ ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

కొనేముందు మీరుండే చోట చట్టం చూసుకోండి. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) కింద నియంత్రణలో ఉంది, కొన్ని దేశాల్లో పగడాలు అమ్మడం, ఉంచుకోవడమే నేరం. చట్టం ఒప్పుకునే చోట కూడా సముద్రం నుంచి విరిచి తెచ్చినవి కాకుండా, ట్యాంకుల్లో పెంచిన ముక్కలే తీసుకోండి. అవి ట్యాంకు జీవితానికి అలవాటు పడి ఉంటాయి, సముద్రానికీ నష్టం ఉండదు.

తెచ్చిన ప్రతి ముక్కనూ కోరల్ డిప్‌లో (పురుగుల్ని వదిలించే మందునీళ్ళు) ముంచి, అది అతికించి ఉన్న బిళ్ళను విరిచి పారేయండి. పురుగుల గుడ్లూ, ఐప్టేసియా అనే చీడ ఎనిమోన్ మొలకలూ ఎక్కువగా దాక్కునేది ఆ బిళ్ళ అడుగునే. తెల్లమచ్చల పరాన్నజీవి తిత్తులు కూడా అలాగే రాగలవు. పగడాలు పెట్టాక ఈ ట్యాంకులో రాగి ఇక వేయలేరు కాబట్టి, చేపలకు జబ్బు చేస్తే మార్చడానికి 40 లీటర్ల ఖాళీ టబ్బు, హీటరు, స్పాంజి ఫిల్టరు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

ఇసుక, రాళ్ళు మార్చిన నెలా రెండు నెలల్లో గోధుమరంగు పొడి, తర్వాత పచ్చటి జుట్టులాంటి నాచు వస్తాయి. టెన్షన్ పడి రకరకాల మందులు పోయకండి. నాచును చేత్తో పీకి తీసేయండి, ట్రోకస్ నత్తలు నాలుగైదు వేయండి, మేత తగ్గించండి. రాళ్ళ మీద గులాబీ, ఊదా రంగు కోరలిన్ (గట్టి పొరలా పెరిగే నాచు) పొర మచ్చలు మచ్చలుగా కనిపించడం మొదలైతే ట్యాంకు దారిలో పడుతున్నట్టు.

ఇవన్నీ ఆ మందు మీదే ఆధారపడి ఉన్నాయి. సీసా ఇంకా ఇంట్లో ఉంటే దాని మీద ఏం రాసి ఉందో చూసి చెప్పండి, ముఖ్యంగా రాగి అని ఉందా, చీలేటెడ్ (వేరే పదార్థంతో కట్టిపడేసిన రాగి) అని ఉందా అన్నది. కొన్ని కాపర్ టెస్ట్ కిట్లు చీలేటెడ్ రాగిని సరిగ్గా పట్టలేవు, కిట్ దాన్ని బట్టే కొనాలి. అది తెలిసేదాకా ట్యాంకులో నత్తను కూడా వేయకండి.